జర్మనీలో ఒకటో తరగతి: బాబుని దేనికి సిద్ధం చేయాలి?

ఆగస్టులో హైదరాబాద్ నుంచి స్టుట్‌గార్ట్ వస్తున్నామని, బాబుకి ఆరేళ్ళు నిండాయని, యూకేజీ అయిపోయిందని రాశారు. స్కూల్ ఎలా ఉంటుంది, ఇంటి చుట్టుపక్కల పద్ధతులు ఎలా ఉంటాయి, ఇప్పటినుంచే ఏమైనా కోచింగ్ పెట్టించాలా అని అడిగారు. మేం ఈ ఊళ్ళోనే ఉంటున్నాం, మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి గవర్నమెంట్ స్కూళ్ళలోనే చదువుతున్నారు కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

ముందుగా, ఎక్కాలు, స్పెల్లింగులు, కర్సివ్ రైటింగ్ మీద ఈ కొద్ది నెలలూ పెట్టకండి. అవి ఇక్కడ స్కూల్లో నిదానంగా, మొదటినుంచీ నేర్పిస్తారు. యూకేజీ చదివిన పిల్లలకి మొదటి ఏడాది లెక్కలు వచ్చినవే మళ్ళీ చెబుతున్నట్టు ఉంటాయి కూడా. బాబు తన జాకెట్ జిప్ తనే పెట్టుకోగలడా, షూ లేసులు కట్టుకోగలడా, బాత్రూమ్‌కి వెళ్ళి ఎవరి సాయం లేకుండా శుభ్రం చేసుకుని రాగలడా (ఇక్కడ నీళ్ళుండవు, టిష్యూ పేపరే, అది ఇంట్లోనే అలవాటు చేయండి), తన డబ్బా మూత తనే తీసుకుని తినగలడా, అర్థం కానప్పుడు టీచర్ దగ్గరికి వెళ్ళి అడగగలడా? వీళ్ళు చూసేది ఇవే.

మా చిన్నవాడు బడికి ముందు వెళ్ళిన కిండర్‌గార్టెన్‌లో చలికాలం పొద్దున దృశ్యం చూస్తే మీకు విషయం మొత్తం అర్థమవుతుంది. వరండాలో గోడ పొడుగునా చిన్న చిన్న కొక్కేలు, ఒక్కో కొక్కెం పక్కన ఒక్కో పిల్లాడి గుర్తు, కింద బెంచీ. బయట మంచు పడుతున్నా సరే రోజూ ఆటకి తీసుకెళ్తారు. మూడేళ్ళ పిల్లలు కింద కూర్చుని ముందు మంచులో వేసుకునే లావు ప్యాంటు, తర్వాత బూట్లు, తర్వాత జాకెట్, టోపీ, చివర్న గ్లవ్స్ వేసుకుంటుంటారు. గ్లవ్స్ ముందు వేసుకున్నవాడికి జిప్ అందదు, తీసేసి మళ్ళీ మొదలుపెడతాడు. టీచర్ పక్కనే నిలబడి ఉంటుంది, చెయ్యి మాత్రం వెయ్యదు. మనమైతే ఒక్క నిమిషంలో తొడిగేసి పంపిస్తాం. ఆవిడ ఎంతసేపైనా ఆగుతుంది, మరీ చేతకాక అడిగితేనే వంగి, అది కూడా సగమే పెట్టి మిగతా సగం వాడినే లాగమంటుంది. అన్నం మనమే కలిపి ముద్దలు పెట్టి పెంచిన పిల్లలు ఇక్కడ మొదట్లో ఏడుస్తారు, చదువు రాక కాదు, ఎవరూ వచ్చి చేసిపెట్టడం లేదని.

కిండర్‌గార్టెన్ అనేది ఈ దేశంలోనే పుట్టింది. ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ అనే ఆయన 1840లో తురింగియా అనే ప్రాంతంలో తన బడికి ఆ పేరు పెట్టారు. ఇప్పటికీ కిండర్‌గార్టెన్‌లో అక్షరాలు దిద్దించరు, ఆడిస్తారు, పాడిస్తారు, కత్తెరతో కాగితాలు కోయిస్తారు, బురదలో దొర్లనిస్తారు. మీ బాబు వయసు ప్రకారం నేరుగా ఒకటో తరగతికే వెళ్తాడు. అయినా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పక్కన కూర్చునే పిల్లల్లో దాదాపు అందరూ అక్కడ మూడేళ్ళు ఇలా తయారై వచ్చినవాళ్ళే.

స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రం, అంటే బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో, స్కూళ్ళు సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. ఒకటో తరగతి మొదటి రోజు ఇక్కడ పెద్ద పండగ, మనకి అక్షరాభ్యాసం ఎలాగో అలాగ. అమ్మమ్మలు, తాతయ్యలు వేరే ఊళ్ళనుంచి వస్తారు. పిల్లల చేతిలో వాళ్ళ ఎత్తులో సగం దాకా ఉండే అట్టతో చేసిన శంకువు ఆకారపు పొట్లం ఒకటి ఉంటుంది, షూల్‌ట్యూటె అంటారు, అందులో చాక్లెట్లు, పెన్సిళ్ళు, చిన్న బొమ్మలు నింపి పైన రిబ్బన్ కడతారు. అది లేకుండా మాత్రం పంపకండి. ఆ రోజు అందరి చేతుల్లో ఉండి మన పిల్లాడి చేతిలో లేకపోతే వాడి మనసు చాలా నొచ్చుకుంటుంది. కొనుక్కోవచ్చు గానీ చాలామంది ఇంట్లోనే రంగు కాగితాలతో చేస్తారు. బ్యాగ్ విషయంలో ధర చూసి గుండె గుభేల్మంటుంది, మంచి స్కూల్ బ్యాగ్ రెండు వందల యూరోలు దాటుతుంది. పిల్లల పాత సామాన్ల సంతలు వసంతంలో, శరదృతువులో పెడతారు, శుభ్రంగా ఉన్నవి చాలా తక్కువకి దొరుకుతాయి, దాంట్లో నామోషీ ఏమీ లేదు, అందరూ కొంటారు. ఫీజు లేదు, యూనిఫాం లేదు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా స్కూలే ఇచ్చి ఏడాది చివర్న తిరిగి తీసుకుంటుంది.

భాష గురించి టెన్షన్ పడకండి. జర్మన్ రాని పిల్లలకి ఈ రాష్ట్రంలో ప్రత్యేక ప్రిపరేషన్ క్లాసులు ఉంటాయి, ఆరేళ్ళ వయసులో వచ్చిన పిల్లలు తోటి పిల్లలతో ఆడుతూనే గబగబా అందుకుంటారు. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. మా అమ్మాయి టీచరే నాతో స్పష్టంగా చెప్పింది, "మీకు బాగా వచ్చిన భాషలో మీరు దానికి కథలు చెప్పండి, జర్మన్ సంగతి మేం చూసుకుంటాం" అని. మనకొచ్చిన అరకొర జర్మన్ ఇంట్లో వాడితే పిల్లలకి రెండూ సరిగ్గా రాకపోవచ్చు.

మన పిల్లలు నిజంగా వెనకబడేది ఇంకో చోట. ఇక్కడ క్లాసులో నోరు విప్పి మాట్లాడటానికి మార్కులున్నాయి. పరీక్ష రాసినదే కాదు, చెయ్యెత్తి సమాధానం చెప్పావా, ప్రశ్న అడిగావా, గ్రూపులో ఏం చేశావు, ఇవన్నీ గ్రేడులో కలుస్తాయి, పై తరగతులకి వెళ్ళేకొద్దీ మరీనూ. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు పేరెంట్స్‌తో టీచర్ విడిగా మాట్లాడే రోజున వెళ్తే, "రాతలో అంతా కరెక్ట్, కానీ క్లాసులో ఉందో లేదో తెలియడం లేదు" అంది. మన దగ్గర అయితే అది మెచ్చుకోలు. ఇక్కడ అది ఫిర్యాదు. అప్పటినుంచి రాత్రి భోజనాల దగ్గర ఇవాళ ఎన్ని మార్కులు వచ్చాయని కాకుండా, ఇవాళ ఏం అడిగావు అని అడగడం మొదలుపెట్టాం. మీరు హైదరాబాద్‌లో ఉండగానే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడిగాడని కసరకండి. అన్నట్టు గ్రేడులు మనకి తిరగేసి ఉంటాయి, 1 అంటే చాలా మంచిది, 6 అంటే ఫెయిల్. మొదట్లో అసలు అంకెలే ఇవ్వరు, మాటల్లో రాసిస్తారు.

నాకు ఈ దేశపు చదువులో అస్సలు నచ్చనిది నాలుగో తరగతి. దాదాపు అన్ని రాష్ట్రాల్లో (బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరు దాకా ఉంచుతారు) పదేళ్ళకే పిల్లల్ని విడదీస్తారు. యూనివర్సిటీ వైపు తీసుకెళ్ళే గిమ్నాజియుమ్ ఒకటి, మధ్య దారి రెయాల్‌షూలె ఒకటి, పని నేర్చుకునే వైపు మొగ్గే స్కూళ్ళు ఇంకొన్ని. ఏ స్కూల్‌కి వెళ్తే మంచిదో టీచర్లు సిఫారసు చేస్తారు, తల్లిదండ్రుల మాట ఎంతవరకు చెల్లుతుందనేది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. పదేళ్ళ పిల్ల ఏమవుతుందో ఎవరు చెప్పగలరండీ? పైగా ఇంట్లో జర్మన్ మాట్లాడని పిల్లలు ఇక్కడే దెబ్బ తింటారు. 2000లో జరిగిన మొదటి పీసా పరీక్షల (పలు దేశాల పదిహేనేళ్ళ పిల్లల చదువుని పోల్చి చూసే పరీక్షలు) ఫలితాలు మరుసటి ఏడాది వచ్చినప్పుడు, పిల్లల చదువు తల్లిదండ్రుల స్థితిగతుల మీద ఈ దేశంలో ఎంతగా ఆధారపడి ఉందో బయటపడి దేశమంతా ఉలిక్కిపడింది. అప్పటినుంచి చాలా మార్చారు గానీ ఈ విడదీయడం మాత్రం అలాగే ఉంది.

అలాగని గిమ్నాజియుమ్ రాకపోతే జీవితం పోయినట్టు మనవాళ్ళు ఏడవక్కర్లేదు. రెయాల్‌షూలె తర్వాత ఔస్‌బిల్డుంగ్ అని ఉంటుంది, వారంలో కొన్ని రోజులు కంపెనీలో జీతం తీసుకుంటూ పని, మిగతా రోజులు వృత్తి విద్యా స్కూల్. అది చేసి తర్వాత ఇంజినీరింగ్ చదివినవాళ్ళు మా వారి ఆఫీసులోనే ఉన్నారు. దారి పొడుగవుతుంది, మూసుకుపోదు.

బడి బయట నేర్పే చదువు నాకు చాలా ఇష్టం. ఒకటో తరగతి పిల్లలు మెరిసే పట్టీలు తగిలించుకుని గుంపులుగా నడిచి స్కూల్‌కి వెళ్తారు. కార్లో గేటు దాకా దించొద్దని స్కూలే చెబుతుంది. మొదట్లో మీరు వెంట నడవండి, తర్వాత కాస్త వెనకగా, తర్వాత వీధి చివర దాకా, ఆ తర్వాత వదిలేయండి. నాలుగో తరగతిలో పోలీసులు వచ్చి సైకిల్ తొక్కడం, చెయ్యి చూపించి మలుపు తిరగడం నేర్పించి పరీక్ష పెడతారు. ఈతకి జేప్ఫెర్డ్‌షెన్ అనే బ్యాడ్జి ఉంటుంది, గట్టు మీదనుంచి దూకి 25 మీటర్లు ఈది, భుజాల లోతు నీళ్ళలోంచి ఒక వస్తువు చేత్తో తీయాలి. తర్వాత స్కూల్లోనే ఈత క్లాసులుంటాయి. చిన్నపిల్లల ఈత కోర్సులకి ఇక్కడ పెద్ద వెయిటింగ్ లిస్టు, అందుకే నిజంగా కోచింగ్ పెట్టించాలనుకుంటే హైదరాబాద్‌లోనే ఈత నేర్పించి తీసుకురండి. ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

సెలవుల విషయంలో మాత్రం చాలా కచ్చితం. ఇంటి దగ్గరే ఉంచి చదివిస్తామంటే కుదరదు, బడికి పంపడం చట్టం. సంక్రాంతికో, ఇంట్లో పెళ్ళికో టికెట్ తక్కువకి దొరికిందని స్కూల్ నడుస్తుండగా తీసుకెళ్ళిపోతే జరిమానా పడొచ్చు, సెలవులకి ముందు ఎయిర్‌పోర్టులో పోలీసులు కుటుంబాల్ని ఆపి అడిగిన సందర్భాలూ ఉన్నాయి. దగ్గరివాళ్ళ పెళ్ళయితే ముందుగా స్కూల్‌కి ఉత్తరం రాసి అనుమతి అడగండి. ఒంట్లో బాగోకపోతే పొద్దున్నే స్కూల్‌కి తెలియజేయాలి.

ఇంకో సంగతి, కాస్త కఠినంగానే చెబుతాను. పిల్లల్ని కొట్టడం ఇక్కడ 2000 నుంచి చట్టవిరుద్ధం, ఇంట్లో తల్లిదండ్రులు కొట్టినా సరే. "ఒక్కటేగా, మా నాన్న మమ్మల్ని బెత్తంతో కొట్టి పెంచలేదా" అనే మాటలు ఇక్కడ చెల్లవు, చెల్లకపోవడమే మంచిది. ఇక్కడికి వచ్చాకే చెయ్యెత్తకుండా పిల్లల్ని పెంచవచ్చని కళ్ళారా చూశాను.

చుట్టుపక్కల విషయానికొస్తే, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం, ఆదివారం అంతా కూడా. దుకాణాలు కూడా ఆదివారం మూసే ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోండి. ఆదివారం గోడకి డ్రిల్ పెట్టకండి, గాజు సీసాలు బయటి డబ్బాల్లో పడేయకండి. దోసెల పిండి రుబ్బేది కూడా శనివారం మధ్యాహ్నం పెట్టుకుంటే గొడవుండదు. ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది కేర్‌వోఖె, అంటే మెట్లు, గుమ్మం ముందు ఊడ్చే వంతు. మీ వారం వచ్చినప్పుడు మీ తలుపుకి ఒక చిన్న బోర్డు తగిలిస్తారు. ఆ వారం ఊడ్చి, తడిబట్ట పెట్టి, బోర్డు పక్కింటి తలుపుకి తగిలించాలి. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ మొదట్లో పలకరించేది కూడా కాదు. మెట్ల మూలలు కూడా తుడుస్తున్నానని చూశాక తనే తలుపు కొట్టి ప్లమ్ కేక్ ముక్క ఇచ్చి వెళ్ళింది, ఇప్పుడు మా పిల్లలకి పరాయి బామ్మ కాదు.

పిల్లల పుట్టినరోజుకి పిలిస్తే కార్డులో మూడు నుంచి ఆరు అని రాసి ఉంటే మూడుకి దించి వెళ్ళిపోవాలి, ఆరుకి రావాలి, మనం కూర్చోకూడదు. ఒకరోజు ముందుగా శుభాకాంక్షలు చెప్పకండి, అశుభమని వాళ్ళ నమ్మకం. సాయంత్రం భోజనం చాలా ఇళ్ళలో బ్రెడ్డు, చీజు, దోసకాయ ముక్కలే, పిల్లలు ఎనిమిదికల్లా పడుకుంటారు. కాబట్టి బాబు స్నేహితుడి ఇంటికి వెళ్ళి వచ్చి ఆకలేస్తోందంటే వాళ్ళు సరిగ్గా పెట్టలేదనుకోకండి. స్కూల్ బ్రేక్ చిన్నది, అందులో పప్పన్నం కుదరదు. చపాతీ రోల్, పండ్ల ముక్కలు, ఇడ్లీ సరిపోతాయి. మా అమ్మాయి డబ్బాలో పొడి ఇడ్లీ కోసం ఇద్దరు స్నేహితురాళ్ళు ఎదురుచూస్తుంటారు.

చివరిగా, బాబు టీకాల కార్డు మర్చిపోకండి. మార్చి 2020 నుంచి స్కూల్లో చేరడానికి తట్టు టీకా రెండు డోసులు వేయించినట్టు రుజువు చూపించాలి. మన దగ్గర ఎంఆర్ లేదా ఎంఎంఆర్ అని రాస్తారు, తారీఖు, ఆసుపత్రి స్టాంపు స్పష్టంగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, లేకపోతే వేయించిన చోటికే వెళ్ళి ఇంగ్లిష్‌లో రాయించుకోండి. దాన్ని, జనన ధ్రువపత్రాన్ని చేతి బ్యాగులోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి.