ఈమధ్య విన్న ఆడియో పుస్తకాలు: ఏ పుస్తకం అన్నదానికంటే ఎవరు చదివారు అన్నది చూడండి

ఈమధ్య విన్న ఆడియో పుస్తకాల్లో ఏవి నచ్చాయి, ఏవి నచ్చలేదు, అందులో క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి మనుషుల) కథలు, ఆత్మకథలు ఉంటే వాటి గురించి ప్రత్యేకంగా చెప్పండి అని అడిగారు. ఇంగ్లీషు సినిమా సబ్‌టైటిల్స్ లేకుండా చూడలేనివాళ్ళు ఇవి వినగలరా అని కూడా అడిగారు. వినగలరు. కాకపోతే పుస్తకం పేరు చూసి కాదు, చదివిన మనిషిని చూసి ఎంచుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే, మిగతాదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడం.

నాది హన్మకొండ. ఉద్యోగం సికింద్రాబాద్‌లో, వారంలో ఎక్కువ రోజులు కాజీపేటలో రైలెక్కుతాను. నేను గే. ఇంట్లో అమ్మకు తెలుసు, నాన్నకు తెలియదు. ఇది ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. అట్ట మీద ఇద్దరు మగపిల్లలు చేతులు పట్టుకున్న బొమ్మ ఉన్న పుస్తకం రైల్లో తెరిచామనుకోండి, పక్క సీటాయన "ఏం పుస్తకం తమ్మీ, ఓసారి ఇటియ్యి" అని చేతిలోంచి తీసుకుంటాడు. మన దిక్కు అది తప్పేం కాదు, కలుపుగోలుతనమే, కానీ నాకు ఆ రెండు నిమిషాలు చెమటలు పడతాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పాటలు వింటున్నాడనుకుంటారు. నాలాంటి వాళ్ళ జీవితాలు రాసిన పుస్తకాలు నా దాకా వచ్చింది ఎక్కువగా ఇలా చెవిలోంచే.

అన్నిటికంటే బాగా పట్టుకున్నది ఇలియట్ పేజ్ ఆత్మకథ 'పేజ్‌బాయ్'. 2023లో వచ్చింది. 'జూనో' (2007) సినిమా చూసినవాళ్ళకు ఆయన గుర్తుంటారు, అందులో గర్భవతి అయిన స్కూలు అమ్మాయి పాత్ర, దానికి ఆస్కార్‌లో ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. 2014లో తను గే అని ఒక సభలో చెప్పారు, 2020 డిసెంబరులో తను ట్రాన్స్ అని, అంటే ఆడపిల్లగా పెంచినా తను ఆడమనిషిని కానని ప్రకటించారు. ఈ పుస్తకాన్ని ఆయనే చదివారు. సినిమాలో మనం విన్న గొంతు వేరు, ఇది వేరు. సినిమా ప్రదర్శనకు గౌను వేసుకోవాల్సిందేనని పట్టుబట్టిన రోజుల గురించి, తల్లితో పడ్డ గొడవల గురించి ఆయన ఇప్పటి గొంతుతో చెప్తుంటే, అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచి అనలేకపోయిన మాట ఇప్పుడు ఈయన అంటున్నట్టు ఉంటుంది. అచ్చులో చదివితే ఆ తేడా మనకు దొరకదు, అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి కదా.

మావాళ్ళను జనం ముందుగా పట్టుకునేది గొంతు దగ్గరే. బడిలో పద్యం అప్పజెప్పమని సార్ లేపితే వెనక బెంచీలోంచి ఒకడు నా గొంతును సాగదీసి అనేవాడు, క్లాసంతా నవ్వేది, సార్ కూడా ముసిముసిగా నవ్వేవాడు. పద్యం నోటికి వచ్చినా గొంతు పెగిలేది కాదు. అందుకే ఒక ట్రాన్స్ మనిషి తన కథను తన గొంతుతోనే ఎనిమిది గంటలు చదవడం నాకు మామూలు విషయంగా అనిపించదు. 'పేజ్‌బాయ్'లో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కాలం ముందుకీ వెనక్కీ పోతుంటుంది, ఒక అధ్యాయంలో పదేళ్ళ పిల్ల, తర్వాతి దానిలో పెద్దయిన మనిషి, మళ్ళీ వెనక్కి. వింటూ ఘట్‌కేసర్ దగ్గర కాస్త కునుకు తీశామో, ఎక్కడున్నామో తెలియదు.

తర్వాత ఓషన్ వువాంగ్ నవల 'ఆన్ ఎర్త్ వి ఆర్ బ్రీఫ్లీ గార్జియస్' (2019). రచయిత కవి, వియత్నాంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవారు, చదివింది కూడా ఆయనే. నవల మొత్తం కొడుకు తల్లికి రాసే ఉత్తరం, ఆ తల్లికి చదవడం రాదు. ఆమె గోళ్ళకు రంగులేసే దుకాణంలో పని చేస్తుంది, ఆ రసాయనాల వాసన మధ్యే వాళ్ళ బతుకు. కొడుకు పొగాకు తోటల్లో పనికి పోయి అక్కడ ఒక తెల్ల కుర్రాణ్ణి ప్రేమిస్తాడు, ఆ కుర్రాడు మత్తుకు అలవాటు పడి చనిపోతాడు. వువాంగ్ చాలా మెల్లగా, దాదాపు గుసగుసలా చదువుతారు. కొందరికి నిద్రొస్తుందట. నాకైతే ఆ నెమ్మది కావాల్సిందే అనిపించింది, దీన్ని వేగం పెంచి వినడం అంటే కవిత్వాన్ని పరుగెత్తించడమే. మా అమ్మకూ సంతకం వరకే వచ్చు, కాబట్టి చదవలేని అమ్మకు రాసే ఉత్తరం అనగానే మా ఇల్లే గుర్తొచ్చింది, ఇక నేను ఈ పుస్తకం గురించి నిష్పక్షపాతంగా చెప్పలేను.

ఆ ఊపులోనే ఒక పని చేశాను. తమిళనాడుకు చెందిన ట్రాన్స్ మహిళ ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగులోకి తెచ్చారు, 'ఒక హిజ్రా ఆత్మకథ', ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. అది అచ్చు పుస్తకమే, నేనే అమ్మకు చదివి వినిపించాను. ఆదివారం మధ్యాహ్నం నాన్న బయటికి పోయాక అమ్మ చాటలో చిక్కుడుకాయలు వేసుకుని ఈనెలు తీస్తుండేది, నేను గడప దగ్గర కూర్చుని చదివేవాణ్ణి. సత్యవతి గారి తెలుగు ఎంత తేట అంటే, అమ్మ నన్ను ఆపి అర్థం అడిగిన సందర్భాలు చాలా తక్కువ. ఇంటికి తిరిగొచ్చిన మనిషిని అన్నదమ్ములు కొట్టే ఘట్టం వచ్చినప్పుడు ఈనె తీసే చెయ్యి ఆగిపోయింది. "మల్లన్న గుడి ముంగట చీర కట్టుకుంటే దండం పెడ్తరు, ఇంట్ల కట్టుకుంటె కొడ్తరా?" అన్నది. ఐనవోలు మల్లన్న జాతరలో చీర కట్టి పసుపు పూసుకుని, దేవుడు పూని ఊగే మగ శివసత్తులను చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి ఆమె. తర్వాతి ఆదివారం నేను అడక్కుండానే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

అమ్మ అడిగిన ప్రశ్న ఉత్తిదేం కాదు. హిజ్రాలు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చనే నిజాం కాలపు చట్టం ఒకటి, 1919 నాటిది, మన రాష్ట్రంలో మొన్నమొన్నటి దాకా ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అలాంటి చట్టం కింద బతికిన మనుషుల కథలను నాకైతే నున్నటి స్టూడియో గొంతులో వినాలని లేదు. రేవతి గారు తన జీవితాన్ని 'వెళ్ళై మొళి' అనే ఏకపాత్ర నాటకంగా తనే వేదిక మీద ఆడారు. తెలుగులో కూడా ఒక ట్రాన్స్ మహిళే ఈ పుస్తకాన్ని గొంతెత్తి చదవాలని నా కోరిక, వరంగల్ యాసో, కరీంనగర్ యాసో, ఏదున్నా సరే.

చదివే మనిషి చెడగొట్టే పుస్తకాలూ ఉన్నాయి. పేర్లు చెప్పను గానీ, కొందరు మగ నెరేటర్లు గే పాత్ర రాగానే గొంతు సన్నం చేసి, మాట చివర సాగదీసి చదువుతారు. మన సినిమాల్లో కామెడీ కోసం చేసే వెక్కిరింత కూడా అదే. విన్న ఐదు నిమిషాలకే ఆపేస్తాను. మన ఒగ్గు కథకుణ్ణి చూడండి, మీసాలున్న మనిషే, కొంగులా భుజాన గుడ్డ వేసుకుని మల్లన్న భార్య మేడలమ్మ అవుతాడు, మళ్ళీ తీసి మల్లన్న అవుతాడు, గొంతు కీచుగా చేయడు, నిలబడే తీరు మారుస్తాడు, ఆమె దుఃఖంలో తనుంటాడు, మనం ఆమెనే చూస్తాం. మంచి నెరేటర్ చేసేదీ అదే. మ్యాడలిన్ మిల్లర్ 'ది సాంగ్ ఆఫ్ అకిలీస్' చదివిన ఫ్రేజర్ డగ్లస్ ఇలాంటివాడే. ట్రాయ్ యుద్ధం కథ, అకిలీస్‌ను ప్రేమించిన పాట్రొక్లస్ నోటి నుంచి. దేవతలు, శాపాలు, యుద్ధంలో ఎవరు ఎప్పుడు చస్తారో ముందే తెలిసి ఉండటం, ఇవన్నీ భారతం విని పెరిగిన మనకు కొత్త కాదు కాబట్టి ఇంగ్లీషు కాస్త అటూ ఇటూ అయినా కథ జారిపోదు.

కార్మెన్ మరియా మచాడో 'ఇన్ ది డ్రీమ్ హౌస్' (2019) గురించి నాకు రెండు అభిప్రాయాలున్నాయి. ఒక అమ్మాయి ఇంకో అమ్మాయి చేతిలో పడ్డ హింస, మాటల హింస ఎక్కువ. ఆడవాళ్ళ మధ్య ఇలా జరగదు అని అందరూ అనుకుంటారు కాబట్టే చెప్పుకోవడానికి మాటలు కూడా దొరకలేదని ఆమె బాధ. ఎక్కువ భాగం "నువ్వు" అని తనను తానే పిలుచుకుంటూ రాసింది, తనే చదివింది, చెవిలో ఆ "నువ్వు" పడుతుంటే మనల్నే నిలదీసినట్టు ఉంటుంది. కానీ పేజీల అడుగున జానపద కథల సూచిక గురించిన ఫుట్‌నోట్లు ఉన్నాయి, ఒకచోటైతే ఫలానా పేజీకి వెళ్ళు, లేదంటే ఇంకో పేజీకి వెళ్ళు అని పాఠకుడితో ఆడించే అధ్యాయం ఉంది, పేజీ తిప్పుతూ ఎటు తిప్పినా అదే ఇంట్లో ఇరుక్కోవడం దాని కిటుకు. వినేవాడికి తిప్పడానికి పేజీ ఏది? దీన్ని మాత్రం కాగితం మీదే చదవండి, తర్వాత కావాలంటే వినండి.

అరుంధతీ రాయ్ 'ది మినిస్ట్రీ ఆఫ్ అట్మోస్ట్ హ్యాపీనెస్' (2017) ఆవిడే చదివారు. పాత ఢిల్లీ హిజ్రా అంజుమ్ శ్మశానంలో ఇల్లు కట్టుకునే భాగం, ఉర్దూ మాటలు దొర్లే తీరు, హైదరాబాద్ ఉర్దూ చెవికి అలవాటున్న మనకు హాయిగా ఉంటుంది. కథ కశ్మీర్‌కు మళ్ళాక మాత్రం పాత్రలు ఎక్కువై నాకు దారి తప్పింది. క్వీర్ కాకపోయినా, 2025లో వచ్చిన ఆవిడ ఆత్మకథ 'మదర్ మేరీ కమ్స్ టు మీ' ఇంతకంటే చాలా బాగుంది, అదీ ఆవిడ గొంతే. తల్లి మేరీ రాయ్, సిరియన్ క్రైస్తవ ఆడవాళ్ళకు తండ్రి ఆస్తిలో సమాన వాటా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిచిన మనిషి, ఇంట్లో మాత్రం కూతురికి, కొడుక్కి నరకం చూపించిన మనిషి. రెండూ నిజమే అని దాచకుండా చెప్పడం, తల్లి అరిచిన అరుపుల్ని కూతురు తన గొంతుతో పలకడం, అది వినాల్సిందే. అమ్మానాన్నల గురించి ఒక్క చెడ్డమాట అన్నా పాపం అనుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఇంకా వినాలి.

డగ్లస్ స్టూవర్ట్ 'షగ్గీ బెయిన్', 2020 బుకర్ వచ్చిన నవల, ఆంగస్ కింగ్ చదివాడు. 1980ల నాటి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, తాగుడుకు బానిసైన తల్లి యాగ్నెస్, ఆమెను కాపాడుకోవాలని చూసే చిన్న కొడుకు, వాడు మిగతా మగపిల్లల్లా లేడని ఊరంతా ఏడిపిస్తుంది. పదిహేడు గంటలు, పైగా గట్టి గ్లాస్గో యాస. మొదట్లో నాకు సగం మాటలు అర్థం కాలేదు, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని విన్నాను. కానీ ఆ యాసను నున్నగా గీకేసి చదివి ఉంటే ఆ మనుషులే ఉండేవారు కాదు. మన యాసను ఏళ్ళ తరబడి సినిమాల్లో రౌడీలకు, నవ్వించేవాళ్ళకు మాత్రమే ఇచ్చారు, అందుకే కాబోలు ఒక తల్లి తన కడుపుకోత మొత్తం తన ఊరి యాసలోనే చెప్పుకోవడం వింటే నాకు గర్వంగా అనిపించింది, ఆ ఊరు నాది కాకపోయినా.

డబ్బు పెట్టి కొనే ముందు ఉచితంగా ఒకటి వినిచూడాలంటే లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ 'డి ప్రొఫండిస్' ఉంది. మగవాళ్ళతో సంబంధం పెట్టుకున్నందుకు 1895లో రెండేళ్ళ కఠిన శిక్ష పడితే, 1897లో జైల్లో కూర్చుని తన ప్రియుడికి రాసిన ఉత్తరం. చదివేది వాలంటీర్లు, పాత ఇంగ్లీషు, కొంచెం బరువే. కానీ ఆయన్ను జైల్లో పెట్టిన బ్రిటన్ మన మీద రుద్దిన, స్వలింగ సంబంధాలను నేరమన్న సెక్షన్ 377లోంచి మనం 2018 సెప్టెంబరులో బయటపడ్డామని గుర్తుపెట్టుకుని వింటే ప్రతి వాక్యం గుచ్చుకుంటుంది.

ఇక ఇంగ్లీషు సంగతి. ఏ యాప్ అయినా నమూనాగా కొన్ని నిమిషాలు వినిపిస్తుంది, అది రెండుసార్లు వినండి, రెండోసారి కూడా గొంతు చెవికి ఎక్కకపోతే కొనొద్దు. వేగం 0.8కి తగ్గించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కాజీపేట దాటాక సిగ్నల్‌ను నమ్ముకుంటే సరిగ్గా మంచి ఘట్టంలో ఆగుతుంది. చెవికి అలవాటు కావాలంటే ముందు దాసుభాషితం లాంటి తెలుగు యాప్‌లో ఏదైనా ఒక పుస్తకం పూర్తిగా వినండి, ఎందుకంటే గంటల తరబడి వినడం కూడా ఒక అలవాటే, భాషకు దానితో పని లేదు. తర్వాత 'సాంగ్ ఆఫ్ అకిలీస్', ఆ తర్వాత 'పేజ్‌బాయ్' లేదా 'మదర్ మేరీ'. వువాంగ్‌ను సెలవు రోజుకు ఉంచుకోండి. 'షగ్గీ బెయిన్' మాత్రం దయచేసి మొదటిదిగా పెట్టుకోవద్దు, అరగంటకే వదిలేస్తారు, అంత మంచి పుస్తకం మీకు దూరమైపోతుంది.