పాస్‌ఫ్రేజ్ అడగకుండానే 'పర్మిషన్ డినైడ్'

ప్రశ్న: ఆఫీసులో ఉబుంటు సర్వర్‌లోకి అడ్మిన్ యూజరైన రూట్‌గా లాగినై, ఎస్‌యూ కమాండ్‌తో బ్యాకప్ యూజర్‌లోకి మారి జీపీజీ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోగ్రామ్) కీ తయారు చేస్తున్నాను. పేరు, ఈమెయిల్ ఇవ్వగానే 'ఏజెంట్ జెన్‌కీ ఫెయిల్డ్: పర్మిషన్ డినైడ్' అని ఆగిపోతోంది. కీకి పెట్టే పాస్‌వర్డ్, అంటే పాస్‌ఫ్రేజ్, అడగనే లేదు. ఫోల్డర్లన్నీ ఆ యూజర్ పేరు మీదే ఉన్నాయి. బ్యాకప్ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడానికే ఈ కీ.

జవాబు: టెన్షన్ పడి ఫోల్డర్లకు 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేయకండి. జీపీజీ ఫోల్డర్‌కు 700 (ఓనర్‌కు మాత్రమే) ఉండాలి, అంతే. అడ్డం పడుతున్నది టెర్మినల్.

జీపీజీ 2.1 వెర్షన్ నుంచి సీక్రెట్ కీల పనంతా వెనక నడిచే జీపీజీ-ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ది. పాస్‌ఫ్రేజ్ అడగడానికి అది పిన్‌ఎంట్రీ అనే చిన్న ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. పిన్‌ఎంట్రీ మీ టెర్మినల్‌ను తనంతట తాను మళ్లీ తెరవాలి. ఎస్‌యూ యూజర్‌ను మారుస్తుంది కానీ టెర్మినల్ ఓనర్‌ను మార్చదు; ఇల్లు అమ్మేసినా కరెంటు మీటరు పాత ఓనరు పేరు మీదే ఉండిపోయినట్టు. ఏ ఫైలు దగ్గర ఆగిందో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క ఉంటే ఇంత గందరగోళం ఉండేది కాదు! టీటీవై కమాండ్ కొట్టి, అది చూపిన ఫైలు ఓనరెవరో ఎల్ఎస్‌తో చూడండి, రూట్ అనే కనిపిస్తుంది.

ఆ యూజర్‌గానే నేరుగా ఎస్ఎస్‌హెచ్‌లో లాగినైతే సరిపోతుంది. కుదరకపోతే ఎస్‌యూ తర్వాత స్క్రిప్ట్ కమాండ్‌ను డెవ్-నల్ మీద (script /dev/null) నడపండి. ఆ యూజర్ పేరుతో కొత్త టెర్మినల్ తెరుచుకుంటుంది, కీ అందులో చేయండి. 'ఇనాప్రోప్రియేట్ ఐఆక్టల్' (Inappropriate ioctl) అని వస్తే మాత్రం మీ టెర్మినల్ ఏదో చెప్పే జీపీజీ-టీటీవై (GPG_TTY) వేరియబుల్ ఎక్స్‌పోర్ట్ చేయలేదన్నమాట.

అయితే మీ పనికి సర్వర్‌లో కీ చేయాల్సిన అవసరమే లేదు. ఎన్‌క్రిప్ట్ చేయడానికి పబ్లిక్ కీ చాలు, తెరవడానికే సీక్రెట్ కీ కావాలి. కీని మీ ల్యాప్‌టాప్‌లో చేసి, పబ్లిక్ కీ ఒక్కటే సర్వర్‌లోకి ఇంపోర్ట్ చేయండి. సర్వర్ ఎవరి చేతిలో పడినా పాత బ్యాకప్‌లు తెరుచుకోవు. ఇంపోర్ట్ అయ్యాక ట్రస్ట్ సెట్ చేయడం మరవద్దు, లేకపోతే రాత్రి నడిచే స్క్రిప్ట్ 'ఈ కీ నిజంగా వాళ్లదేనా' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

ప్రశ్న: పాత సెంటోఎస్ 7 వీపీఎస్‌లో (అద్దె వర్చువల్ సర్వర్‌లో) కీ తయారీ 'రాండమ్ బైట్స్' దగ్గర గంటల తరబడి కదలడం లేదు.

జవాబు: దాని కెర్నల్ 3.10. తగినంత ఎంట్రోపీ (ఊహించలేని యాదృచ్ఛిక సమాచారం) పోగయ్యేదాకా రాండమ్ బైట్స్ ఇచ్చే డెవ్-రాండమ్ ఫైలు ఆపేస్తుంది. కీబోర్డు, మౌసు లేని వీపీఎస్‌లో అది త్వరగా పోగవదు. 2020లో వచ్చిన 5.6 కెర్నల్‌తో ఈ బెడద పోయింది. ఎంట్రోపీని పోగుచేసే హావెజ్డ్ (haveged) ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేస్తే ఇప్పటికి గడుస్తుంది, కానీ సెంటోఎస్ 7కు 2024 జూన్‌తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త కీ అక్కడ చేయకండి.