రివాల్వర్ మీది గీతలు: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ నవల మూడో అధ్యాయం చదివాను. టెక్సాస్‌లో చనిపోయిన ముసలి డిప్యూటీ షెరీఫ్ ఇంట్లో డిటెక్టివ్‌కి స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29 అనే .44 మాగ్నమ్ తూటాల రివాల్వర్ దొరుకుతుంది. సిలిండర్ (తూటాలు పెట్టే ఆరు గదులున్న, తిరిగే భాగం) చుట్టూ గీత కనబడగానే "దీన్ని వేలసార్లు పేల్చారు, టైమింగ్ కూడా పోయింది" అని తేల్చేస్తాడు. టైమింగ్ అంటే ప్రతి గదీ సరిగ్గా బ్యారెల్ ఎదుటికి వచ్చి ఆగడం. తుపాకులు తెలిసిన పాఠకుడు అక్కడే అతన్ని నమ్మడం మానేస్తాడు.

ఫ్రేమ్ అడుగున స్ప్రింగు మీద చిన్న ఉక్కు గొళ్ళెం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే అది కిందికి దిగి సిలిండర్‌ని తిరగనిస్తుంది, వెంటనే లేచి దాన్ని రాసుకుంటూ వెళ్ళి తర్వాతి గాడిలో పడుతుంది. స్మిత్ అండ్ వెసన్‌లో అది ముందే లేస్తుంది కాబట్టి నీలి పూత మీద చుట్టూ గీత పడటం మామూలే. ఖాళీ రివాల్వర్‌ని ఊరికే ఆడించినా పడుతుంది. అదే గీత 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే రివాల్వర్ మీద ఉంటే మాత్రం అనుమానించాలి. అందులో గొళ్ళెం గాడికి కాస్త ముందున్న ఏటవాలులోకి దిగాలి. చుట్టూ గీత ఉందంటే సర్దుబాటు తప్పి ఉండొచ్చు, లేదా హ్యామర్‌ని సగంలోంచి దించేసే అలవాటున్న మనిషి వాడి ఉండొచ్చు.

నీ డిటెక్టివ్‌ని గీత వదిలి గాడులు చూడమను. .44 మాగ్నమ్ సిలిండర్ బరువైనది. వేగంగా పేల్చేవాడి చేతిలో ఆ బరువంతా ఆ చిన్న గొళ్ళెం దగ్గర ఒక్కసారిగా ఆగాలి. చాలాకాలం అలా జరిగితే గాడి అంచు నలిగి ఉబ్బుతుంది, గోటికి తగులుతుంది. గాడులు పదునుగా ఉండి, బ్యారెల్ కొసన, సిలిండర్ ముందు అంచుల్లో మాత్రం పూత పోయి తెల్లటి ఉక్కు కనబడితే? అది తోలు హోల్‌స్టర్ పని. రోజూ నడుముకి కట్టుకుని తిరిగాడు, పేల్చింది తక్కువ. నీ ముసలాయన అలాంటివాడే కదా! అతని జీవితమంతా ఆ రెండు గుర్తుల మధ్య ఉంది, నువ్వేమో దాన్ని వదిలేసి గీతని పట్టుకున్నావు.

బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, సుమారు 0.006 అంగుళాలు. మాగ్నమ్ పేలినప్పుడు అందులోంచి చిమ్మే వేడి గ్యాస్ పైనున్న ఫ్రేమ్ పట్టీని కోస్తుంది. కొంత లోతుకి వెళ్ళాక ఆ కోత నెమ్మదిస్తుంది, కాబట్టి లోతు చూసి తూటాలు లెక్కకట్టించకు. ఇంకో ఆధారం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఇదే రివాల్వర్‌లో .44 స్పెషల్ తూటాలు కూడా పడతాయి. మందు నింపే వాటి ఇత్తడి గొట్టం మాగ్నమ్‌దానికంటే పొట్టి. అందుకే అవి ఎక్కువగా పేల్చితే గొట్టం ఆగే చోటికి ముందు, గదిలోపల మసి వలయం పేరుకుంటుంది. ఆ వలయం ఉండి, పైపట్టీ మీద కోత పెద్దగా లేకపోతే, ఆయన సాధన చేసింది జోరు తక్కువున్న ఈ స్పెషల్ తూటాలతో అని ఊహించొచ్చు. అయితే మసి తుడిస్తే పోయేది. చివరిసారి శుభ్రం చేసిన తర్వాతి కథే అది చెబుతుంది. ఈ తేడా డిటెక్టివ్ నోటివెంట రావాలి.

ఇంకో మాట. అతను రివాల్వర్ తీయగానే వెలుతురుకి ఎత్తి చూస్తాడు. అలా రాయకు. ముందు సిలిండర్ పక్కకి తెరిచి ఆరు గదులూ ఖాళీవో కాదో చూడాలి. ఆ పని తెలిసినవాళ్ళెవరూ దాన్ని మరచిపోరు.

తిరగరాసేముందు ఆ రివాల్వర్ ఎప్పటిదో నిర్ణయించుకో. 1980ల చివర్లో ఈ మోడల్ సిలిండర్ గాడుల్ని పొడవు చేశారు. ముసలాయన దాన్ని 1970ల్లో కొన్నాడని రాశావు కాబట్టి పొట్టి గాడులే ఉండాలి. మార్చిన అధ్యాయం పంపితే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య