దిగే ముందు లెక్క: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నవంబరు రెండో వారంలో మా అమ్మాయికి హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ, ఉదయం పదింటికి. ఆ రోజే తెల్లవారుజాము విమానానికి వెళ్తే హోటల్ ఖర్చు తప్పుతుందని మావారు. ముందురోజు సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిద్దామని నేను. ఏది నయం?
– పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: రెండూ వద్దండి. విమానమైనా గోదావరైనా దిగేది ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే. నాలుగైదు గంటలు ఆలస్యమైతే రెండింటిదీ ఒకటే గతి. గోదావరినే ఇంకో రోజు ముందుకు జరపండి. హోటల్‌కి మూడు వేలు అవుతాయనుకుందాం. స్లాట్ పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో, కాలేజీలో చేరే గడువు దాటుతుందో ఏమో. ఆలస్యమయ్యే అవకాశం ఎంత అని కాదు, అయితే పోయేదేమిటని చూడండి.

పైగా నవంబరు మనకు తుపాన్ల నెల. వాతావరణ శాఖ దాదాపు 72 గంటల ముందు తొలి సూచన ఇస్తుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక జారీ చేస్తుంది. మన తీరం పేరు తొలి సూచనలో వినబడగానే బయలుదేరిపోండి. చివరి హెచ్చరిక దాకా ఆగితే అప్పటికి రైళ్ల రద్దు మొదలై ఉంటుంది. వాతావరణం వల్ల విమానం రద్దయితే టికెట్ డబ్బో, వేరే విమానమో ఇస్తారు, నష్టపరిహారం ఇవ్వరు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మనంతట మనం రద్దు చేసుకుంటే పైసా రాదు కాబట్టి మామూలు కోటాలో ఇప్పుడే తీసుకోండి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. అయితే ఆ రైలు విశాఖలో కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోసం పెట్టే దరఖాస్తు, వేయాలి. చాలామంది ఇంటికెళ్లి తీరిగ్గా వేసి పోగొట్టుకుంటారు.

ప్రశ్న: ఉద్యోగం మానేసి రుషికొండ దారిలో టిఫిన్ సెంటర్ పెడదామనుకుంటున్నాను. పెట్టుబడి 18 లక్షలు: దాచుకున్నవి 8, అమ్మ పేరున ఉన్న ఇంటి మీద అప్పు 10. అద్దె 40 వేలు, మూడేళ్ల లీజు. బిల్లు మనిషికి సగటున 60 రూపాయలు. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు. దిగొచ్చా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు నెల ఖర్చు చూద్దాం. అద్దె 40 వేలు, నలుగురు పనివాళ్లకు 64 వేలు, కరెంటు, నీళ్లు 11 వేలు అనుకుందాం. పది లక్షల అప్పు 12 శాతం వడ్డీకి ఐదేళ్లలో తీర్చాలంటే వాయిదా సుమారు 22,250. మొత్తం 1,37,250. పప్పులు, నూనె, గ్యాసు, పార్సిల్ కవర్లు కలిసి అమ్మకంలో 45 శాతం తింటాయనుకుంటే మీ చేతిలో మిగిలేది 55 శాతం. అంటే నెలకు రెండున్నర లక్షలు అమ్మితే గానీ అసలుకి అసలు రాదు. వారానికో రోజు సెలవు పోను 26 రోజులకు, రోజుకు 160 మంది. ఆగండి, ఏడాదికి 30 లక్షల అమ్మకమంటే జీఎస్టీ 20 లక్షల హద్దు దాటినట్టే. ఆ 60 రూపాయల్లోంచే 5 శాతం పన్ను తీస్తే 168 మంది కావాలి. మీ ఇంటి ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు.

ఆ 168 మంది ఉన్నారా? దగ్గర్లో నడుస్తున్న టిఫిన్ సెంటర్ ఎదుట పొద్దున ఏడు నుంచి పది దాకా కూర్చుని వచ్చేవాళ్లను లెక్కపెట్టండి. ఒక మంగళవారం, ఒక ఆదివారం, ఒక ముసురు పట్టిన రోజు. ఆదివారం జనాన్ని చూసి మురిసిపోకండి, నెలకు అవి నాలుగే.

ఇక చెడు నెలల లెక్క. అమ్మకం అనుకున్నదాంట్లో 70 శాతమే అయితే నెలకు సుమారు 41 వేలు లోటు. ఇంటి ఖర్చు కలిపితే 71 వేలు. ఆరు నెలలకు 4 లక్షల 26 వేలు. కాబట్టి నాలుగున్నర లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టి, మిగిలిన పదమూడున్నరలో దుకాణం తయారవుతుందేమో చూడండి. చాలకపోతే దుకాణాన్ని చిన్నది చేసుకోండి గానీ అప్పు పెంచకండి. టైల్స్, వైరింగ్, పొగ గొట్టం గది యజమానికే మిగిలిపోతాయి. గ్రైండరు, ఫ్రిజ్, స్టీలు బల్లలు అమ్ముకోవచ్చు. తిరిగిరాని ఖర్చు దగ్గరే పిసినారితనం చూపించండి.

ఆరో నెలాఖరుకు రోజుకు 120 మంది కూడా రాకపోతే మూసేస్తానని ఇప్పుడే కాగితం మీద రాసి అమ్మగారి చేతికివ్వండి, ఇల్లు ఆవిడది కనుక. లీజులో కూడా దీనికి దారి ఉండాలి: ఆరు నెలల తర్వాత రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, అడ్వాన్సు ఫలానా రోజుల్లో తిరిగివ్వాలి అని. అది లేకపోతే దుకాణం మూసినా మిగతా 30 నెలల అద్దె, అంటే 12 లక్షలు, మీ నెత్తిన ఉంటుంది. ఏడాదికి మించిన గడువున్న లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. చేయించకపోతే ఈ షరతులు కోర్టులో నిలబడవు.

సముద్రపు గాలికి షట్టరు, ఫ్రిజ్ వెనక కాయిల్ త్వరగా తుప్పు పడతాయి. హుద్‌హుద్ నాడు, 2014 అక్టోబరు 12న, రేకులూ బోర్డులూ ఏమయ్యాయో ఊరందరికీ గుర్తే. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే చిన్న వ్యాపారాల బీమా పాలసీలో తుపాను, వరద కలిసే ఉంటాయి. ప్రీమియం తగ్గుతుందని పది లక్షల సామానుకు ఐదు లక్షలే రాయించకండి. రెండు లక్షల నష్టమైతే అందులోనూ సగమే ఇస్తారు.

ప్రశ్న: మా బావగారు ఫైనాన్సులో లారీ కొంటూ నన్ను ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నారు. ఆయన కట్టకపోతే ఫైనాన్సువాళ్లు ముందు ఆయన్ని, ఆయన ఆస్తుల్ని చూసి, ఆ తర్వాతే కదా నా దగ్గరికి వచ్చేది?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: కాదండి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో మీదీ అంతే. ఆయన్ని వదిలి నేరుగా మీ మీదకే రావచ్చు. ఒకసారి ఇచ్చిన అప్పుకు పెట్టిన హామీని మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు కూడా. ఆ అప్పు మీరే తీసుకుంటున్నట్టు లెక్కేసి, వాయిదా మొత్తం మీ జీతంలోంచి కట్టగలిగితేనే సంతకం పెట్టండి. లేదా హామీ ఇంత మొత్తానికే అని రాయించమనండి, ఒప్పుకుంటే మంచిదే. రెండూ కుదరకపోతే, తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకునే మొత్తమేదో డౌన్ పేమెంటుకు బావగారి చేతికిచ్చి, సంతకం మాత్రం పెట్టలేనని ఇప్పుడే చెప్పేయండి.