అమ్ములూ, నోరు కాస్త జాగ్రత్త

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నెలకో ఆదివారం బెంగళూరులో నీ మారతహళ్ళి ఫ్లాట్‌లో జనాన్ని పోగేసి ఫాంటసీ నవలల మీద, సీరీస్‌ల మీద వాదనలు పెట్టిస్తావట. మొదటి నెల ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ముగింపు మీదట. “సంబంధాలు చూస్తుంటే ఇది డ్రాగన్లంటుందేంటి వదినా” అని మీ అమ్మ ఒకటే టెన్షన్. పైకి అవునవునన్నాను గానీ, లోపల ఎంత మురిసిపోయానో నీకు చెప్పక్కర్లేదు. ఆ పిచ్చి నీకు మా వైపు నుంచే వచ్చింది. నా భయం కూడా అందుకే.

చిన్నచిన్నవి ముందు చెప్పేస్తాను. కుర్చీలు పక్కింటివాళ్లని అడిగి తెచ్చుకో. టీ ముందే ఫ్లాస్కులో పోసి పెట్టుకో, వాదన మధ్యలో నువ్వు వంటింట్లోకి వెళ్లావంటే వచ్చేసరికి నీ మాట ఎవరో ఎత్తుకుపోతారు. ఎవరు ఎంతవరకు చూశారో మొదట్లోనే అడుగు. తొమ్మిదికల్లా అందరినీ పంపించెయ్, ఆడపిల్లలు ఆ రింగ్ రోడ్డు మీద ఆటోల కోసం నిలబడితే నాకు ఇక్కడ చెన్నై వడపళనిలో నిద్ర పట్టదు.

ఇక అసలు సంగతి. “చెత్త ముగింపు” అని ఎవరైనా అంటారు. అననీ. ఎందుకు చెత్తయిందో మాత్రం చెప్పించు. ఆ సీరీస్‌కి మూలమైన నవలలు రాసిన మార్టిన్ 1980ల్లో టీవీకి రాసిన మనిషే. రాసిందల్లా ఖర్చెక్కువని కోసేస్తుంటే విసిగిపోయి, ఎవరూ తీయలేనంత పెద్ద కథ రాద్దామని నవలకి కూర్చున్నాడు. మొదటిది 1996లో వచ్చింది. చివరికి ఆ కథే టీవీకెక్కింది చూడు! 2011లో సీరీస్ మొదలైంది, అయిదో పుస్తకం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆరోది రాలేదు, సీరీస్ ఆగలేదు. చేతిలో పుస్తకం లేకుండా తీయాల్సి వచ్చింది వాళ్లకి. పైగా ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు నడిపి, ఏడోదాన్ని ఏడుకి, ఎనిమిదోదాన్ని ఆరుకి కుదించారు. ఇవి తెలిసి తిట్టేవాడి తిట్టు వినబుద్ధేస్తుంది.

ఆ ఎనిమిదో సీజన్ మళ్లీ తీయమని 2019లో పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. మేం దూరదర్శన్‌లో చూసిన అమెరికా సీరియల్ ‘స్టార్ ట్రెక్’ మూడో సీజన్ దాకా నడిచిందంటే, 1968లో అక్కడి అభిమానులు ఆపొద్దని ఉత్తరాలు కుప్పలుగా రాయబట్టి. కావాలని అడగడం అభిమానం. నాకు నచ్చినట్టు మార్చమనడం, నన్నడిగితే, అద్దెకున్నవాడు గోడలు పగలగొట్టమన్నట్టుంటుంది.

మీ నాన్న సంగతి నీకు చెప్పాలి. వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక మేం పాత పుస్తకాల కోసం ట్రిప్లికేన్ ప్లాట్‌ఫారాల మీద పడ్డాం. అక్కడే దొరికాడు వాడికి ఒక స్నేహితుడు. పేరెందుకులే, నీ చిన్నప్పుడు కలర్ పెన్సిళ్లు తెచ్చేవాడు, గుర్తుండే ఉంటుంది. తర్వాత ఇద్దరూ కలిసి రాబర్ట్ జోర్డాన్ రాసిన ‘వీల్ ఆఫ్ టైమ్’ ఫాంటసీ నవలలు పట్టుకున్నారు. ఒక్కో పుస్తకం ఇటుకంత. ఒకడు కొంటే ఇద్దరూ చదివేవాళ్లు. పదోది 2003లో వచ్చింది. అందులో కథ కదలదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఒక ఆదివారం మా మేడ మీద పదిమంది కూర్చుని ఉండగా ఆ స్నేహితుడు, “నాకు ఇదే బాగా నచ్చింది” అన్నాడు. మీ నాన్న ఊరుకోవచ్చుగా! “ఒకమ్మాయి జడ లాక్కుంటూ ఉంటుంది, మిగతావాళ్లు బట్టల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు, ఇది నచ్చిందంటే నీ బుర్రలోనే ఏదో తేడా ఉందిరా” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ అబ్బాయీ నవ్వాడు.

వారం తిరక్కుండా, మీ నాన్న దగ్గర తీసుకున్న పుస్తకాలన్నీ గుడ్డసంచీలో వరసగా సర్ది తెచ్చి ఇచ్చి వెళ్లాడు. తర్వాతెప్పుడో తెలిసింది మాకు, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంటే రాత్రుళ్లు వరండా బెంచీ మీద కూర్చుని చదివిన పుస్తకం అదేనని. కథ కదలకపోవడమే ఆ రాత్రుళ్లలో అతనికి హాయిగా ఉందేమో.

ఆ నవలలు రాసిన జోర్డాన్ 2007లో పోయాడు. ఆయన వదిలిన నోట్సు పట్టుకుని శాండర్సన్ అనే ఇంకో రచయిత పూర్తి చేశాడు, పద్నాలుగోది 2013లో వచ్చింది. మీ నాన్న రెండు కాపీలు కొని, ఒకటి వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చాడు. థాంక్స్ అన్నాడట, కాఫీ ఇచ్చాడట. మా అమ్మాయి పెళ్లిలో పంక్తిలో పక్కపక్కనే కూర్చున్నారు. క్రికెట్ మాట్లాడుకున్నారు, గోంగూర బాగుందనుకున్నారు. పుస్తకం ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మీ నాన్న పుస్తకం గురించి చెప్పిందాంట్లో తప్పు లేదే. బుర్ర దాకా ఎందుకెళ్లాలి?

నీ నోరు అచ్చం వాడి నోరే. పన్నెండేళ్లప్పుడు, పాము సీరియల్ చూస్తున్న మా అమ్మ పక్కన కూర్చుని “నాయనమ్మా, ఈ పాముకి లాజిక్ లేదు” అని ఎపిసోడంతా సతాయించావు. మర్నాటి నుంచి ఆవిడ ఎదురింటికెళ్లి చూసింది. నిన్ను ఒక్క మాట అనలేదు, “దానికి తెలివెక్కువ” అని ఊరంతా చెప్పుకుంది. నువ్వు చెప్పింది నిజమే, ఆ పాముకి లాజిక్ లేదు. తిట్టాల్సింది తిట్టు, తల్లీ, నువ్వు మెత్తబడితే నాకే విసుగు. “నీకెక్కడ నచ్చింది?” అని ఎదుటివాళ్లని అడిగాక తిట్టు.

ఇంకొకడు తప్పకుండా వస్తాడు, “ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి” అంటూ. వాడితో గొడవొద్దు. 1947 నుంచి ఇక్కడ మా చెన్నైలోనే చందమామ అచ్చయింది కదా, దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లలో నీకు నచ్చిందేది అని అడుగు. చదివినవాడైతే గంట మాట్లాడతాడు, పక్కన కూర్చోబెట్టుకో. చదవనివాడైతే టీ ఇవ్వు.

మొదటి నెలకి నేనూ వస్తున్నా, శతాబ్ది టికెట్ చూడమని మీ నాన్నకి చెప్పాను. కుర్చీ ముందు వరసలో వెయ్యి, నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఇంకో మాట. అందరూ ఎనిమిదో సీజన్ని ఆడిపోసుకుంటారు గానీ, పాడైంది ఏడోదాంట్లోనే. మొదట్లో రాజుగారు ఉత్తరాదికి వెళ్లొస్తే నెలల ప్రయాణమనేవాళ్లు. ఏడో సీజన్లో ఉత్తరం కొసన మంచుగోడ అవతల చిక్కుకున్నవాళ్ల కబురు కాకి మీద ఎక్కడో దూరాన ఉన్న డ్రాగన్‌స్టోన్ కోటకి చేరి, డ్రాగన్లు అంత దూరమూ ఎగిరొచ్చి కాపాడటం ఒక్క ఎపిసోడ్‌లో అయిపోయింది. దూరం పోయాక ఇంక భయమేముంటుంది? కాదనేవాళ్లు ఉంటే నేను వచ్చేదాకా ఆగమను.

మీ అత్త