క్రైమ్ నవల రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. చదివించే పట్టు ఉంది, దాన్ని వదులుకోవద్దు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన తరం మాది. పాఠకుణ్ని కదలకుండా కూర్చోబెట్టడం పెద్ద విద్యే. కానీ ఇది సాహిత్యంగా నిలవాలని రాశావే, దాని గురించి చెప్తాను.

నీ కథంతా హంతకుడు ఎవరన్న ప్రశ్న మీదే నడిచింది. మన సీమ పల్లెల్లో చాలా హత్యలకు ఆ ప్రశ్నే ఉండదు. చంపిందెవరో ఊరందరికీ తెలుసు, కోర్టుకొచ్చి చెప్పేదెవరు? బెంచ్ క్లర్కుగా నేను చూసిందంతా అదే. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, చట్టమే తీసుకోవద్దంటుంది. బోనెక్కి ‘నేనేం చూడలేదు, పోలీసులు నన్ను అడగనే లేదు’ అంటాడు. ప్రాసిక్యూటర్ అతన్ని హాస్టైల్, అంటే ఎదురుతిరిగిన సాక్షి, అని ప్రకటించమని కోర్టును కోరి, పాత వాంగ్మూలం చదివి అడ్డప్రశ్నలు వేస్తాడు. రికార్డులో అంతకుమించి ఏమీ మిగలదు. మిగతాది నువ్వు రాయాలి. ఆ సాయంత్రం ఆ సాక్షి బస్సు దిగి ఊళ్లోకి ఎట్లా నడిచాడు? చనిపోయినవాడి తల్లి అరుగు మీద కూర్చుని ఉంటే ఏ సందులోకి తిరిగాడు? ఆ ఏడు చెనిక్కాయ పీకడానికి అతని చేనికి కూలీలు వచ్చారా?

దస్తయేవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ 1866లో వచ్చింది. ఆరు భాగాల పుస్తకంలో మొదటి భాగం ముగిసేసరికే హత్య జరిగిపోతుంది, చేసిందెవరో మన కళ్లముందే ఉంటాడు. అయినా చివరిదాకా టెన్షన్ తగ్గదు. ఎందుకో పెన్సిల్ పట్టుకుని చదువు.

మృతుడు ధర్మవరం నేతగాడన్నావు. తర్వాత మగ్గం చప్పుడే వినపడలేదు. ముడిపట్టు ఇచ్చిన షావుకారెవరు, అప్పెంత, మగ్గం ఆగితే ఆ ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? హత్యకు కారణం అక్కడే దొరకొచ్చు. సుమోలు, నాటుబాంబులు తీసెయ్. మనల్ని అట్లా చూపించి డబ్బు చేసుకున్న సినిమాలు చాలు.

చిన్న సవరణ. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. హత్యకు జనం నోట్లో పాత ఐపీసీ సెక్షన్ 302 ఉండనీ, ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం భారతీయ న్యాయ సంహిత 103(1) అని రాయి.

సెషన్స్ విచారణ ఎవరైనా చూడొచ్చు. అనంతపురం వచ్చి కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చో, భోజనం మనింట్లోనే. చివరి అధ్యాయం జోలికి అప్పటిదాకా పోవద్దు.

నీ మామ