తలుపు తీసిన మనిషి

చిరంజీవికి,

శుభాశీస్సులు. నీ కథా, దానితోపాటు రాసిన ఉత్తరమూ అందాయి. ‘కభీ కభీ’ సినిమా చూసిన రాత్రే ఈ కథ పుట్టిందని రాశావు. 1976లో యశ్ చోప్రా తీసిన ఆ సినిమా అనగానే అందరికీ అమితాబ్ కవిత్వమూ, ఖయ్యాం బాణీలూ, కాశ్మీరు లోయలూ గుర్తుకొస్తాయి గాని, నువ్వు వాటన్నిటినీ దాటి పింకీని పట్టుకున్నావు. అది నాకు నచ్చింది. తాను పెంపుడు కూతురినని తెలిసి కన్నతల్లిని వెతుక్కుంటూ బయలుదేరిన ఆ పిల్ల లేకపోతే, ఆ సినిమాలో పెద్దవాళ్ళ రహస్యాలు ఎవరి గుండెల్లో వాళ్ళకే ఉండిపోయేవి.

అయితే ఆ సినిమా నుంచి నువ్వు తీసుకున్నది ప్రయాణాన్ని. తీసుకోవలసింది ప్రయాణం ముగిశాక జరిగినదాన్ని. పసికందుగా దత్తత వెళ్ళిన నీ కథానాయిక ఇరవై నాలుగేళ్ళకు అమెరికా నుంచి వచ్చి, దేవరకొండ దగ్గరి తండాలో ఒక ఇంటి తలుపు తట్టి, లోపలినుంచి వచ్చిన స్త్రీ ముఖంలో తన పోలికలు చూసుకొని ఏడుస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. చదివేవాళ్ళూ ఏడుస్తారు, సందేహం లేదు. ‘కభీ కభీ’లో మాత్రం తల్లి కనబడ్డాకే అసలు చిక్కు మొదలవుతుంది. వహీదా రెహమాన్ పాత్ర అంజలికి అప్పటికే భర్త ఉన్నాడు, మరో కూతురు ఉంది, వాళ్ళిద్దరికీ ఆమె గతం తెలియదు. కాబట్టి కన్నబిడ్డను కళ్ళెదుట పెట్టుకొని, భర్త వింటుండగా, బంధువుల పిల్లను పలకరించినట్టు పలకరించాలి. అంతవరకూ వెతుకుతున్న పిల్లది ఆ కథ. ఇక అక్కడినుంచి దొరికిపోయిన తల్లిది కూడా.

నీ కథలో ఆ తల్లి పనల్లా తలుపు తీయడమే. ఇరవై నాలుగేళ్ళు ఆమె ఎలా బతికింది? ఆ తరువాత పుట్టిన పిల్లలకు ఈ సంగతి చెప్పిందా? తలుపు చప్పుడైనప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు? వచ్చిన పిల్ల మాట్లాడేది ఇంగ్లీషు, ఆమె మాట్లాడేది లంబాడీ, మధ్యలో దుబాసీ పని చేస్తున్న కారు డ్రైవరుకు తెలుగు తప్ప రాదు. ఇంత మంచి చిక్కును నీ చేతులతో నువ్వే కల్పించి, దాన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోయావు! ఆమె మొదటి మాట ఏమిటో నాకు కావాలి. ‘బిడ్డా’ అంటుందని అనుకోకు. ‘ఎవరు పంపారు?’ అని అడుగుతుందేమో. నల్లగొండ తండాలనుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకొని హైదరాబాదు మీదుగా విదేశీ దత్తతలకు పంపుతున్నారన్న వ్యవహారం 1999లోనూ, మళ్ళీ 2001లోనూ బయటపడినప్పుడు, పోలీసులూ విలేకరులూ ఆ తండాలకు వచ్చి వెళ్ళారు. అదంతా చూసిన స్త్రీకి గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషి ముందుగా భయాన్నే తెస్తుంది, ప్రేమ తరువాత సంగతి. ‘పేదరికం వల్ల అమ్ముకుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. వరసగా ఆడపిల్లలు పుడుతున్న ఇంట్లో, కట్నం భయం ముదురుతున్న కాలంలో, ఆ నిర్ణయం ఎవరు చేశారో, వేలిముద్ర ఎవరు వేయించారో ఆ వాక్యంలో లేదు.

వెతుకులాట భాగంలో ఇంకొక పొరపాటుంది. నీ నాయిక స్నేహితుడైన విలేకరి ఒక్కడే వెళ్ళి కార్యాలయంలో దస్త్రం తీయించుకొని వస్తాడు. దత్తత నిబంధనల్లో ‘మూలాల అన్వేషణ’కు ఒక పద్ధతి ఉంది, పద్దెనిమిదేళ్ళు నిండిన దత్తపుత్రిక స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు గాని, మూడో మనిషికి ఆ వెతుకులాట చేసే అనుమతి లేదు. బిడ్డను అప్పగించేనాడే తమ పేరు చెప్పవద్దని కన్నవాళ్ళు కోరి ఉంటే, మళ్ళీ వాళ్ళ సమ్మతి తీసుకోవాలి. వాళ్ళు కాదంటే పేరూ ఊరూ చెప్పరు, ఏ పరిస్థితుల్లో అప్పగించారో మాత్రం తెలియజేస్తారు. దీన్ని కథకు అడ్డంకి అనుకోవద్దు. పేరు లేకుండా కారణం మాత్రమే రాసి ఉన్న ఒక్క కాగితాన్ని చేతిలో పట్టుకొని వరండా బల్లమీద కూర్చున్న పిల్ల, పుట్టుమచ్చలూ లాకెట్టు గొలుసులూ కలిపిన పిల్లకంటే వెయ్యి రెట్లు నయం. పైగా, ఆ రోజుల్లో దళారులు రాయించిన కాగితాల మీది పేరూ ఊరూ నిజమేనన్న భరోసా కూడా లేదు. తలుపు తీసిన స్త్రీ నిజంగా ఆమె తల్లేనా అన్న అనుమానం కథలో ఎక్కడా తలెత్తకపోవడం నాకు వింతగా తోచింది.

దారి తప్పుతున్నాను గాని, ఒకటి చెప్పక మానలేను. 1956 నాటి హిందూ దత్తత చట్టం, దత్తత జరిగిన రోజునుంచీ పుట్టింటితో బంధాలన్నీ తెగిపోయినట్టేనంటూనే, దత్తత వెళ్ళకపోతే ఎవరిని పెళ్ళాడకూడదో వెళ్ళాక కూడా వాళ్ళను పెళ్ళాడకూడదని ఒక మినహాయింపు పెట్టింది. అంటే తెంచిన చట్టమే నెత్తురును గుర్తు పెట్టుకుంది! ‘కభీ కభీ’లో పింకీని పెళ్ళాడవలసిన కుర్రాడి మీదే అంజలి రెండో కూతురు మనసు పడుతుంది, ఒకే తల్లి పిల్లలమని ఆ పిల్లకు తెలియదు. నాటకీయత కోసం అల్లినట్టు కనిపించినా, చుట్టరికం తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఆ అల్లిక చెబుతుంది.

ఇక మాటల సంగతి. నీ కథలో ‘అసలు అమ్మ’ అన్న మాటను పదకొండుసార్లు లెక్కపెట్టాను. అలా అన్న ప్రతిసారీ పెంచిన ఆమెను నకిలీ చేస్తున్నావు. పెంచుకున్న బిడ్డను మీ వరంగల్లులో ‘సాదుకున్న బిడ్డ’ అంటారు కదా, ‘సాదింది’ అన్న క్రియ ఉండగా నీకు ఆ విశేషణంతో పనేమిటి? ఈ తప్పు నేనూ చేశాను కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో ఇలాంటి కథే రాస్తే, ఒకామె పోస్టుకార్డు రాసింది: ‘నేనూ పెంపుడు కూతురినే. మీ కథలో జ్వరమొచ్చిన రాత్రి నుదుట తడిగుడ్డ వేసిన మనిషి ఏదండీ?’ నా కథలో పెంచిన తల్లికి దక్కింది రెండు వాక్యాలు. నీ కథలో అమెరికా అమ్మకు ఒక ఫోన్ కాల్ దక్కింది, అదీ డబ్బు పంపడానికి. కూతురు వెతకడానికి బయలుదేరిన రోజు ఆమె సూట్‌కేసు సర్దిందా, సర్దలేక తోట పనిలో పడిందా? ఆ ఒక్క దృశ్యం రాస్తే మిగతాది తనంతట అదే దారికొస్తుంది.

ఇప్పుడే పత్రికకు పంపకు. ముగింపుగా పెట్టుకున్న తలుపు దృశ్యాన్ని మూడో పేజీలోకి తెచ్చి, ఆ ఇంట్లో ఒక పూట భోజనం అయ్యేదాకా రాసి నాకు పంపు. విస్తరి ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఇరుగు పొరుగు వచ్చి ‘ఎవరీ పిల్ల?’ అంటే ఆమె ఏమని చెప్పిందో చూడాలని ఉంది. ఉగాది దాకా నేను ఊళ్ళోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు